అద్భుతమునకును నియతి కలదు

అద్భుతకథ వ్రాయుట మిక్కిలి సులభమనియు, అందేది తోచిన నది జరుగవచ్చుననియు తలంచువారు గలరు. అది నిజము కాదు. లోకవిరుద్ధమైన సంఘటనను పాఠకుడు విశ్వసింపవలెనన్నచో, దానికి కథలోనే ఒక కారణమును, ఆ కారణమునకు తప్పని నియమమును ఉండితీరవలెను.

పదునారవ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయము ఇందులకు చక్కని నిదర్శనము. ద్వారకలో కలభాషిణి ఉయ్యాలలూగుట, ఆకసమున నారదుడు పోవుట, సిద్ధుడొకడు సింహవాహనుడై వచ్చుట మొదలైనవి తొలుత ఒకదానితోనొకటి పొత్తులేనివిగా దోచును. పిమ్మట పసికందైన మధురలాలస తన పూర్వజన్మవృత్తాంతమును పలుకుచు, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథను బయల్పరచినపుడు, ఆ చిక్కుముడులన్నియు తమంత తామే విడిపోవును. రహస్యమును ఇంతదూరము దాచియు, విప్పినపుడు పాఠకుడు మోసపోయితినని భావింపకుండునట్లు జాడలను ముందే చల్లియుంచుట మహాశిల్పము. మన ప్రాచీనకావ్యములలో ఇంతకు మించిన కథాసంవిధానము నాకు కనబడలేదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువరించిన కవిత్వతత్త్వవిచారమున ఈ కావ్యమునే విస్తరించి విమర్శించిరి.

అద్భుతకథలు వ్రాయగోరు యువకులు మొదట సూరనను, పెన్సిలు చేతబట్టి, ఒకమారు సాంతముగా చదువవలెనని నా ప్రార్థన.