ముహూర్తానికి ముందే కొత్త కెమెరా పరీక్ష

కొత్త డీఎస్ఎల్ఆర్‌ను పెళ్లి ఫొటోగ్రాఫర్ నేరుగా ముహూర్తం వేళ బయటికి తీయకూడదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. ముందు ఏ పుట్టినరోజు వేడుకలోనో దాన్ని వాడి చూడాలి.

మొదటి పరీక్ష తక్కువ వెలుతురులో. ఐఎస్ఓ 1600, 3200, 6400లలో ఒకే ముఖాన్ని తీసి, కంప్యూటర్‌లో పెద్దది చేస్తే గరుకు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. కెమెరా వెనక తెర ఇందుకు చాలదు.

అసలు చిక్కు హాలు దీపాలతోనే. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి పాతరకం ట్యూబులైట్లు, కొన్ని చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి కనబడదు గానీ, షట్టర్ 1/500 పెడితే ఒక ఫొటో వెలుగుగా, పక్కది మసకగా వస్తుంది. అక్కడ 1/100 క్షేమం. 2014 నాటి కెనాన్ 7డి మార్క్ 2 వంటి కెమెరాలు ఈ మినుకును పసిగట్టి, వెలుగు నిండుగా ఉన్నప్పుడే షట్టర్ తెరుస్తాయి. ఎంతో మేలైన సదుపాయం.

తలంబ్రాల గింజలు గాలిలో స్పష్టంగా నిలవాలంటే మాత్రం ఫ్లాష్ కావాలి. అప్పుడు ఫోకస్ గింజల మీదికి జారకుండా వధువు కంటి మీదే ఉంటుందో లేదో చూసుకోవాలి.

నికాన్ డి750లా రెండు కార్డులు పట్టేదైతే, ప్రతి ఫొటో రెండింట్లోనూ పడేలా అమర్చాలి. మొదటి పెళ్లికి పాత కెమెరా కూడా సంచిలో ఉండాలి.