ఆ ఆదివారం ఏమైనట్టు?



మేముండేది అనంతపురం. బెంగుళూరు సుమారు 200 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటలు. మనకు దూరం చెబితే చాలు, గంటలు అవే తెలిసిపోతాయి. విమానానికీ ఇదే లెక్క అనుకున్నాను నేను.

మా అమ్మాయి కాపురం శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఒక చలికాలం ఫోను చేసి, "శనివారం రాత్రి తొమ్మిదికి ఎక్కుతున్నానమ్మా, మధ్యలో ఎక్కడా దిగే పని లేదు, పదిహేడు గంటల్లో బెంగుళూరు" అంది. వేళ్ళు మడిచి లెక్క వేశాను. ఆదివారం మధ్యాహ్నం రెండు! మావారు తెల్లవారకముందే టాక్సీ మాట్లాడుకుని వెళ్ళారు. నేను గుత్తివంకాయ కూర వండి కూర్చున్నాను. రెండయింది, నాలుగయింది. "వచ్చేవాళ్ళంతా వస్తున్నారు గానీ మన పిల్ల లేదు" అని మావారి ఫోను. అమ్మాయి ఫోను పలకదు. నా గుండె ఎలా కొట్టుకుందో తల్లులకు వేరే చెప్పాలా?

చివరకు పక్కింటి ఇంటరు కుర్రవాడు విని నవ్వాడు. "ఎక్కిన టైము వాళ్ళ గడియారానిది, దిగే టైము మన గడియారానిది కదండీ పిన్నిగారూ!"

చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. వేసవిలో వాళ్ళు గడియారం ఒక గంట ముందుకు తిప్పుకుంటారు గనక పన్నెండున్నరే. అక్కడ శనివారం రాత్రి తొమ్మిదంటే మనకు ఆదివారం పగలు పదిన్నర. దానికి పదిహేడు కలపండి. సోమవారం తెల్లవారుజాము మూడున్నర!

ఈ రెండు ఊళ్ళ నడుమ ఎయిర్ ఇండియా మొదటి విమానం 2021 జనవరిలో వచ్చింది. 9వ తేదీ రాత్రి అక్కడ లేచి, 11వ తేదీ తెల్లవారుజామున ఇక్కడ దిగింది. దాన్ని నడిపినవారంతా ఆడవాళ్ళే. కెప్టెన్ జోయా అగర్వాల్, మన పాపగారి తన్మయి, ఆకాంక్ష, శివానీ మన్హాస్. నేరుగా కొలిస్తే 13,993 కిలోమీటర్లు. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు. గోడమీది పటం చూస్తే ఇదేం చుట్టుదారి అనిపిస్తుంది. పిల్లల బంతి తీసుకుని, ఈ రెండు ఊళ్ళకూ గుర్తులు పెట్టి, దారం బిగించి చూడండి. దారం తనంతట తానే పైకి, ధ్రువం వైపు జరుగుతుంది.

పోనీ దూరం తక్కువైతే వేళా తక్కువేనా అంటే, అదీ కాదు. 2016 అక్టోబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ దారి మాని, పసిఫిక్ మీదుగా వెళ్ళారు. సుమారు 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా పద్నాలుగున్నర గంటల్లోనే, అంటే పాత దారికన్నా ముందే చేరారు. అంత ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పెద్దగాలి వీస్తుందట. అది వెనకనుంచి తోసింది.

మా అమ్మాయి సోమవారం క్షేమంగా దిగింది. రాత్రంతా కుర్చీలో కూర్చున్న మావారు నడుం నొప్పి నా లెక్కల ఖాతాలోనే రాశారు. ఇప్పుడు అమ్మాయి ఫోను చేస్తే నా మొదటి ప్రశ్న, "ఎవరి గడియారం ప్రకారమే?"