ఇంటిలోని కథలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కథలు మీకెక్కడ దొరకునని మన గ్రంథాలయమునకు వచ్చు చెల్లెండ్రు నన్నడుగుచుందురు. మా యింటనే దొరకును. ఎసరు మరుగుచుండగా, పొరుగమ్మ మజ్జిగకై వచ్చి ముచ్చట మొదలిడినప్పుడు దొరకును. వ్రాసికొను తీరికయే దొరకదు!

ఈ దారి నాకు చూపినవారు భండారు అచ్చమాంబగారు. 1874లో జన్మించిన ఆమె, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో ఇంటనే చదువు నేర్చిరి. 1902లో 'హిందూసుందరి' పత్రికలో ఆమె 'ధనత్రయోదశి' కథ వెలువడినది. పండుగనాటి పేదయిల్లు, పరధనముపై భర్తకు కలిగిన యాశ, వలదన్న భార్య. ఇంతియే కథ. అచ్చమాంబగారికి కన్నబిడ్డలు దక్కలేదు. 1905లో, ముప్పదియేండ్లు దాటగనే, ఆమెయు గతించిరి.

ఒకనాడు మా పెద్దబిడ్డ తన బాధ చెప్పుకొని యేడ్చినది. ఏ బాధయో అడుగవలదు. కన్నులు తుడుచుకొని, "అమ్మా, దీనిని కథ చేయకు" అన్నది. ఆ రాత్రి కథయంతయు నా కనులముందు నిలిచినది. కాగితము తీసితిని. పేర్లు మార్చిన చాలదా యనుకొంటిని. కాని మన మెదకులో కోటక్రింద అన్న మాట పొద్దుగూకకమునుపే చర్చిదాక చేరును. పరధనము వలదన్న ఆ యిల్లాలు జ్ఞప్తికి వచ్చినది. కాగితము మడిచి పెట్టెలో పెట్టితిని.

అది నేటికిని తెల్లకాగితముగనే యున్నది.