వినేవారికీ ధర్మమున్నది

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాదినాడు మనమందరము కూర్చుని పంచాంగ శ్రవణము చేస్తాము. తన రాశికి ఆదాయము రెండు, వ్యయము పదకొండు అని చదివినా ఎవరూ లేచి సిద్ధాంతిగారిని దబాయించరు. చివరివరకూ వింటారు. ఏడాదికొకసారి చూపే ఆ ఓర్పును తక్కిన సభలలో కూడా చూపవలెనని మా మనవి.

మాట్లాడేవారి ధర్మము అందరూ ఎరిగినదే. తెలిసినదే చెప్పవలెను. ఇచ్చిన కాలము మించరాదు. ఎదుట లేని మనిషిని నిందించరాదు. అయితే వినేవారికి కూడా ధర్మమున్నదని మనము తరచు మరచిపోతాము.

మా రైల్వేలో ఒక పద్ధతి ఉన్నది. స్టేషను మాష్టరు టెలిఫోనుమీద పక్క స్టేషనును లైన్ క్లియర్ అడిగినప్పుడు, అవతలివారు ఒక ప్రైవేటు నంబరు చెబుతారు. ఆ నంబరును తిరిగి పలికి, రిజిస్టరులో రాసుకున్న తరువాతనే బండి వదులుతారు. "విన్నానులే" అంటే చాలదు. ఏమి విన్నారో చెప్పవలెను. సభలలోనూ అంతే గదా!

అట్లా విన్న మహనీయులు మన పొరుగున ఉండేవారు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరల మాటను వారి నోటనే వినవలెనని ఒక సవరను ఇంట ఉంచుకొని నేర్చుకున్నారు. మన్యములో తిరిగి మలేరియా పాలై, క్వినైను వాడకము వల్ల చెవులు పోగొట్టుకున్నారు. అయినా ఆయన రాసిన సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినాయి. తెలుగులో వాడుక భాషకోసము పోరాడినవారు కూడా ఆయనే. రెండు పనులకూ మూలమొకటే: ఎదుటివారి మాటను గౌరవించి వినుట.

ఇటీవలి సంగతి ఒకటి. నియమగిరి బాక్సైటు గని తగవులో, గ్రామసభలను అడిగి తేల్చమని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జూలై, ఆగస్టు నెలలలో మన రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తము 12 పల్లెలలో సభలు జరిగినాయి. జిల్లా జడ్జి హోదాగల అధికారి ఎదుట కొండవారు తమ మాట చెప్పుకున్నారు. పన్నెండు పల్లెలూ గని వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వము అనుమతి నిరాకరించింది. గని మంచిదా, చెడ్డదా అని ఈ వేదికమీద తీర్పు చెప్పము. మనలో రెండు అభిప్రాయములూ ఉండవచ్చును. మేము గమనించినది ఒక్కటే. వేదిక ఎక్కడము అలవాటు లేనివారి వద్దకు సభే కొండెక్కి వెళ్ళింది.

ఇక మన సంగతి. 1936కు పూర్వము ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆనాటినుంచి ఉన్న కుటుంబములూ, ఉద్యోగరీత్యా నిన్న దిగినవారూ మనలో ఉన్నారు. కోరాపుట్‌లో గాని, రాయగడలో గాని మన చుట్టూ ఒడియావారు, కువి పలికేవారు ఉన్నారు. చప్పట్లకోసము ఇక్కడ ఒక మాట జారితే, అది సగము విరిగి బజారుకు చేరుతుంది. మన పిల్లలు, వారి పిల్లలు ఒకే బడిలో ఒకే బల్లమీద కూర్చుంటున్నారు. ఆ సగము మాట మొదట తగిలేది వారికే. పలికినవారితోపాటు చప్పట్లు కొట్టినవారికీ అందులో పాలున్నది.

కనుక ఈ ఏడాది మన సంఘములో మూడు నియమములు పెట్టుకుందాము. జవాబు చెప్పేముందు, ఎదుటివారు అన్నదేమో వారు ఒప్పుకొనేటట్లు తిరిగి చెప్పవలెను. స్త్రీలకు, కొత్తగా వచ్చినవారికి మొదటి వరుసలో మాట్లాడే అవకాశమివ్వవలెను. పొరుగింటి ఒడియా సోదరుని ఎదుట ఒడియాలో అనలేని మాటను ఇక్కడ తెలుగులో అనరాదు.

ఈ నూతన సంవత్సరములో మీ మాటకు మంచి చెవులు, మీ చెవులకు మంచి మాటలు దొరకవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.