కార్తీకమున బిన్సర్ వనయాత్ర
(ప్రసంగ పాఠము)

లక్ష్మీనగర్‌లో నివసించు తెలుగు ఉద్యోగి కుటుంబమునకు అడవి చూడవలెనను కోరిక సాధారణముగా మే నెలలో కలుగును. కారణము స్పష్టమే. పిల్లలకు బడులు మూసియుందురు. యమునకు తూర్పున ఆ ఇరుకు సందులలో, కోచింగు సంస్థల బోర్డుల నడుమ, మూడవ అంతస్తు ఇంటి గోడలు రాత్రి పది గంటలకును వేడిని విడువవు. అట్టి వేళ ఎవరో ఒకరు కుమావూను కొండల పేరెత్తుదురు. ఆనందవిహార్ బస్సు స్టేషను మెట్రోలో కొద్ది నిమిషముల దూరమే గదా యని సంచులు సర్దుకొందురు. ప్రణాళిక అంతయు బస్సు టిక్కెట్టుతో పూర్తియైనదని తలంతురు. వనయాత్రకు ప్రణాళిక వేయువారు మొదట తేల్చుకొనవలసినది టిక్కెట్టు కాదు, తేదీ. ఆ తేదీని బడి సెలవుల పట్టిక నిర్ణయింపరాదు, అడవి నిర్ణయింపవలెను.

ఇందుకు బిన్సర్ అభయారణ్యము తగిన ఉదాహరణము. అల్మోడా పట్టణమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, 1988లో అభయారణ్యముగా ప్రకటింపబడిన చిన్న అడవి యిది. విస్తీర్ణము 50 చదరపు కిలోమీటర్లకు లోపే. శిఖరభాగము సుమారు 2,400 మీటర్ల ఎత్తున నున్నది. ఆకాశము నిర్మలముగా నున్న ఉదయమున అచటినుండి త్రిశూల్, నందాదేవి, పంచచూలి వరుసగా కనబడును. కార్బెట్ వనమున యాత్రికుడు జీపు దిగి నడువరాదు. బిన్సర్‌లో నడచుటకు బాటలున్నవి. పిల్లలతో, పెద్దలతో పోవు కుటుంబములకు ఇది అన్నివిధముల అనుకూలము.

అయితే ఈ అడవి క్రిందిభాగమంతయు సంస్కృతమున సరళవృక్షమని పేరుగన్న చీడ్ చెట్లు. పైభాగమున ఓక్ జాతికి చెందిన బాంజ్ వృక్షములు, వాని నడుమ బురాంశ్ పూలచెట్లు. బాంజ్ నీడలో నేల చల్లగా, చెమ్మగా నుండును. చీడ్ స్వభావము వేరు. వేసవి ముదిరినకొలది సూదులవంటి దాని ఆకులు రాలి నేలపై పరుపువలె పేరుకొనును. ఆ ఆకులలోను కాండములోను జిగురు తైలమున్నది. ఒక్క బీడీముక్క చాలును. ఉత్తరాఖండ అటవీశాఖ ఫిబ్రవరి 15 మొదలు జూన్ 15 వరకు అగ్నికాలముగా పరిగణించును. ఢిల్లీ బడులకు సెలవులు వచ్చునది సరిగా ఈ కాలపు చివరిభాగముననే.

2024 జూన్ 13వ తేదీన బిన్సర్‌లో రగిలిన మంటను ఆర్పుటకు పోయిన అటవీశాఖ సిబ్బంది ఆ మంటలలోనే చిక్కుకొనిరి. నలుగురు అచటనే ప్రాణములు కోల్పోయిరి. మరి నలుగురు తీవ్రముగా కాలిన గాయములతో బయటపడగా, వారిని విమానమున ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రికి చేర్చిరి. మంటను ఆర్పువారు చెట్టుకొమ్మలతోను, గోకుపారలవంటి పనిముట్లతోను దానికి ఎదురు నిలుతురు. కొండవాలున నీటిబండి పోవు దారి యుండదు. యాత్రికులు చలిమంట ముచ్చట తీర్చుకొను వేళ ఈ సంగతి స్మరణకు రావలెను. వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) 30వ సెక్షను అభయారణ్యమునకు ప్రమాదము కలుగునట్లు నిప్పు రాజేయుటను, రగులుచున్న నిప్పును విడిచిపోవుటను నిషేధించుచున్నది. అందుచేత బాన్‌ఫైరు ఆశతో పోవువారు మరియొక చోటు వెదకుకొనుట మేలు.

మరి ఎప్పుడు పోవలెను? తెలుగువారి పంచాంగమే దీనికి చక్కని సమాధానము చెప్పియున్నది. వనభోజనములకు మనవారు కార్తీకమాసమును ఎన్నుకొనిరి. వానలు వెనుకబడి, నేలలో తడి యింకను మిగిలి, ఉసిరిచెట్టు కాయలతో నిండియుండు కాలమది. కుమావూనులోను అక్టోబరు చివర, నవంబరు నెలలలో ఆకాశము కడిగినట్లుండును. హిమశిఖరములు స్పష్టముగా కనబడు ఋతువది. వర్షాకాలమున కొండచరియలు విరిగిపడి అల్మోడా దారి తరచు మూతపడును. జలగల బాధ చెప్పనక్కరలేదు. అడవిలో నడచుట, చెట్టుక్రింద విడియుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. వెంకటాపురమునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలమునకు కాలినడకన పోవు భక్తులు నేటికిని వేలసంఖ్యలో నున్నారు. శివరాత్రి నాటికి నల్లమల ఆకురాల్చి ఎండియుండును. అయినను శివరాత్రి తేదీని మార్చుట ఎవరి తరమును కాదు. విహారయాత్ర తేదీని మార్చుకొనవచ్చును.

సెలవు దొరకదను అభ్యంతరము వినబడును. కేంద్రప్రభుత్వ కార్యాలయములకు 1985 నుండి వారమునకు ఐదుదినములే పని. సంవత్సరమునకు ఎనిమిది ఆకస్మిక సెలవులున్నవి. వానిలో ఒక్కటి ఈ యాత్రకు చాలును. గురువారము రాత్రి పాత ఢిల్లీ స్టేషనులో రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు శుక్రవారము తెల్లవారుజామున కాఠ్‌గోదాము చేరుదురు. అచటినుండి అల్మోడాకు సుమారు 90 కిలోమీటర్ల కొండదారి. మలుపులకు కడుపు త్రిప్పువారు ఖాళీకడుపుతో గాక, కొద్దిగా తిని కూర్చుండవలెను. మధ్యాహ్నమునకు అయార్‌పానీ ద్వారమువద్ద ప్రవేశరుసుము చెల్లించి లోనికి పోవచ్చును. పిల్లలకు ఒక్కదినము బడి పోవును. దానిని నష్టమని లెక్కింపనక్కరలేదు.

బస విషయము ముందుగనే నిశ్చయించుకొనవలెను. అభయారణ్యములో ఇష్టమైనచోట గుడారము వేయుటకు వీలులేదు. లోపల కుమావూన్ మండల వికాస నిగమమువారి విశ్రాంతిగృహమున్నది. దలాడ్, రిసాల్ వంటి పల్లెలలో కొన్ని ఇండ్లవారు అతిథులకు చోటిత్తురు. గుడారమునందే పండుకొనవలెనను పట్టుదల గలవారు అభయారణ్యపు హద్దులకు వెలుపల, భూమి యజమాని అనుమతితో వేసికొనవలెను. ఈ మూడింటిలో పల్లెలోని బస ఉత్తమము. ఆ ఇంటివాడే మార్గదర్శి యగును. ఏ బాటలో చిరుతపులి జాడ కనబడినదో అతనికి తెలిసియుండును. అతిథి యిచ్చు సొమ్ము, మంటలు లేచినపుడు మొదట పరుగెత్తు ఇంటికే చేరును.

శనివారమంతయు నడకకు ఉంచవలెను. విశ్రాంతిగృహమునుండి జీరోపాయింటు వరకు బాంజ్ చెట్లనీడలో సుమారు రెండు కిలోమీటర్ల బాట. సులభమే; అయినను 200 మీటర్లకు కొంచెము పైనున్న ఢిల్లీనుండి ఒక్కదినములో 2,400 మీటర్లకు వచ్చినవారికి ఆయాసము సహజము. గుంపులో అందరికంటె మెల్లగా నడచువారిని ముందుంచవలెను. చీడ్ ఆకులు పరచుకొన్న వాలున నున్నని అడుగుగల బూటు జారును. ఇందుకు నెలముందు నుండి ఉదయము త్రిలోక్‌పురి చెంతనున్న సంజయ్ సరోవరము చుట్టు నడచుచుండిన కాళ్లు అలవాటుపడును. నవంబరులో ఐదున్నరలోపే సూర్యుడస్తమించును. నాలుగున్నరకు బస చేరవలెను.

సామానుల సంగతి చెప్పిన తెలుగువారి సంచి బరువెక్కును. పులిహోర మొదటిదినమునకు, చపాతీలు రెండవపూటకు. ఆవకాయ సీసా మాత్రము ఇంటనే యుండవలెను: సీసా పగిలిన ముక్కలను అడవి హరించుకొనలేదు, కోతులు తమ వంతు అడుగక మానవు. రాత్రి చలి గడ్డకట్టుస్థాయికి చేరువగు కాలము గనుక ఉన్నిటోపీలు, చేతితొడుగులు, టార్చిలైటు తప్పవు. తీసికొనిపోయిన ప్లాస్టిక్కు సంచి తిరిగి అదే సంచిలో అల్మోడాకు రావలెను.

ఆదివారము ఉదయమే దిగినచో సాయంకాలమునకు కాఠ్‌గోదాములో రాత్రిబండి అందును. అది సోమవారము తెల్లవారకమునుపే పాత ఢిల్లీ చేర్చును. మెట్రో ఆ వేళకు మొదలుకాదు గనుక లక్ష్మీనగర్‌కు ఆటో మాట్లాడుకొనవలెను.