కొల్లేటి కొయ్యముక్క వయస్సు



కొల్లేటి లంకలో చెరువు త్రవ్వుచుండగా అడుగున నల్లమట్టిలో ఒక పాత కొయ్యముక్క పలుగునకు తగిలినదనుకొందము. కృష్ణా గోదావరుల నడుమనున్న ఈ పల్లము ఒకానొకప్పుడు సముద్రపు పాయగా నుండెనని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎన్నాళ్ల క్రిందట? అట్టి కొయ్యముక్కలే ఒక్కొక్క మట్టిపొర కాలమును తెలుపవలెను.

బ్రతికియున్న చెట్టు గాలినుండి కర్బనమును గ్రహించును. అందు కర్బనము-14 అను రేడియోధార్మిక పరమాణువులు అత్యల్పముగా నుండును. చెట్టు చచ్చిన పిమ్మట క్రొత్తవి చేరవు, ఉన్నవి క్షయించుచుండును. 5730 ఏండ్లకు సగము మిగులును. దీనినే అర్ధాయువందురు. ఎండకుగాని, వానకుగాని ఆ వేగము మారదు. పరమాణువునకు ముసలితనము లేదు: నిన్న పుట్టినదానికిని, వేయేండ్ల క్రిందట పుట్టినదానికిని రేపు క్షయించు అవకాశమొక్కటియే. దీని ఆధారమున కాలమును గణించు పద్ధతిని కనిపెట్టిన అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు లిబ్బీ 1960లో నోబెల్ బహుమానమందెను. పరమాణు పరిశోధన మన ప్రాంతమునకు పరాయిది కాదు. భీమవరము చెంత గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానంద, సన్న్యాసియై తపమొనర్చి, పిదప ఇంగ్లండున చాడ్విక్ వద్ద పరిశోధించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున అణుకేంద్ర భౌతికశాస్త్రమునకు పునాది వేసెను.

ఇక లెక్క. సజీవమైన చెట్టునుండి తీసిన ఒక గ్రాము కర్బనములో నిమిషమునకు సుమారు 14 పరమాణువులు క్షయించును. మన కొయ్యలో 10 మాత్రమే క్షయించుచున్నవనుకొందము. బడిలో నేర్చిన త్రైరాశికము చేయువారు, 7 తగ్గుటకు 5730 ఏండ్లయినచో 4 తగ్గుటకు 3274 ఏండ్లందురు. ఇది తప్పు. ఆ లెక్కన 11460 ఏండ్లకు ఏమియు మిగులరాదు, నిజమునకు 3.5 మిగులును. తరుగుదల మొదటి మొత్తముపై గాక, మిగిలినదానిపై నడచును. ప్రోనోటు వ్రాసిన చేతులకు చక్రవడ్డీ తెలియనిది కాదు. దానిని తలక్రిందులు చేసినచో ఇదే.

14ను 10చే భాగింపగా 1.4 వచ్చును. దాని సంవర్గమానము 0.1461. దీనిని 2 యొక్క సంవర్గమానమగు 0.3010చే భాగించి, 5730చే గుణింపగా సుమారు 2780 ఏండ్లు తేలును. త్రైరాశికము దాదాపు 500 ఏండ్లు ఎక్కువ చెప్పినది. ఒక రాజవంశము పుట్టి గిట్టుటకు చాలినంత కాలము!

లెక్క సరియైనను సాక్షి మోసగింపవచ్చును. నత్త నీటిలో కరిగిన పాతసున్నపు కర్బనమును గుల్లలో చేర్చుకొనును గనుక, గుల్ల తన నిజమైన వయస్సుకంటె పాతదిగా కన్పట్టవచ్చును. గాలిలోని కర్బనము-14 సైతము అన్ని కాలములందు ఒక్కతీరున లేదు. అందుచే చెట్ల వలయములతో పోల్చి సవరణ చేయుదురు. కొయ్య దొరకినవారు దానికి నూనెగాని, వార్నిషుగాని పూయరాదు. ఎంత లోతున, ఏ మట్టిలో దొరకినదో అప్పుడే వ్రాసియుంచవలెను.