టీఎంసీల లెక్కలో లేని నీరు

 

ఇవాళ పట్టాలు అందుకుంటున్న ఇంజనీర్లారా, మీలో అనంతపురం, కర్నూలు వైపు పిల్లలు ఉంటే తుంగభద్ర డ్యామ్ గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 1953లో దాని నిల్వ సుమారు 133 టీఎంసీలు. 2016 సర్వేలో తేలింది 105.79. తక్కిన చోటంతా పూడిక. ఈ నష్టానికి బదులుగా కర్ణాటక నవలి దగ్గర మరో జలాశయం కట్టాలంటోంది. మూడు రాష్ట్రాల మధ్య వాదనంతా తగ్గిన నీటి మీదే. మిగిలిన నీరు ఎలా ఉందన్న ప్రశ్న మాత్రం ఎప్పుడోగానీ వినపడదు.

వరదలో మన్ను ఒంటరిగా రాదు. పొలాల్లో చల్లిన ఎరువులోని ఫాస్ఫరస్‌ను అంటించుకుని వస్తుంది. డ్యామ్ దగ్గర ప్రవాహం నెమ్మదించగానే అడుగుకు దిగుతుంది. కూడా కొట్టుకొచ్చిన ఆకూ అలమూ అక్కడే కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి. లోతైన చోట్ల, ఎండలకు వేడెక్కిన పైనీరు తేలికై, కింది చల్లటి నీటితో కలవదు. అడుగుకు ఆక్సిజన్ అందదు. అప్పుడు పూడికలోని ఇనుము, మాంగనీస్ కరుగుతాయి. ఇనుము పట్టి ఉంచిన ఫాస్ఫరస్ కూడా వదులైపోతుంది. నీరు మళ్లీ కలిసినప్పుడు అదంతా పైకొచ్చి నాచుకు మేతవుతుంది. అంటే ఎరువుల వాడకం ఈ ఏడే తగ్గించినా, ఎన్నో ఏళ్ల పాత బాకీ అడుగు నుంచి వసూలవుతూనే ఉంటుంది.

పూడికతో మెరకైన చోట్ల ఇబ్బంది ఇంకో రకం. వేసవిలో నీరు తగ్గాక గట్టి గాలి వీస్తే చాలు, అడుగు మన్ను లేచి నీరు బురదవుతుంది. ఫిల్టర్ బెడ్ల దగ్గర పటిక ఎక్కువ పోయాలి. మట్టి రేణువుల చాటున దాగిన క్రిములను క్లోరిన్ సరిగా చంపలేదు. పోనీ క్లోరిన్ పెంచుదామా అంటే, కుళ్లిన పదార్థంతో కలిసి హాని చేసే ట్రైహాలోమీథేన్లు తయారవుతాయి. పూడిక వదిలించుకుందామని స్లూయిస్ గేట్లెత్తి ఒక్కసారిగా బురద వదిలితే దిగువన చేపలు చస్తాయి. తేలికైన దారేదీ లేదు. ఉందని చెప్పే కాంట్రాక్టరును నమ్మకండి!

మీకు నా విన్నపం ఒక్కటే. రేపు ఏ జలాశయం సర్వేకైనా వెళ్లినప్పుడు, ఒడ్డున ఒక సీసా ముంచి ల్యాబుకు పంపి ఊరుకోకండి. పడవలో వెళ్లి అడుగు నీటినీ, పూడికనూ తీయండి. రిపోర్టులో టీఎంసీల పక్కనే ఆక్సిజన్, ఫాస్ఫరస్, మాంగనీస్ ఎంతెంతో కూడా రాయండి. ఆ గడులు ఖాళీగా ఉన్న రిపోర్టు మీద సంతకం పెట్టకండి.